ఆకలి చేసిన నేరానికి జవాబుదారు ఎవరు?

ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో ఉండి రాసిన ‘మాలపల్లి’ నవల 1922లో వెలువడింది. నాటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కలిమిలేముల గురించి తెలుగులో వచ్చిన గొప్ప నవలల్లో అదొకటి. అది లేవనెత్తిన ప్రశ్న నేటికీ మన గుమ్మం ముందే నిలబడి ఉంది.

అందులో రామదాసు దైవభక్తుడు, సహనశీలి. చిన్న కొడుకు సంగదాసు కూలీల పక్షాన మాట్లాడి, భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణం కోల్పోతాడు. పెద్ద కొడుకు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడన్న పేరుతో ధనికుల్ని దోచి పేదలకు పంచుతాడు. ఒకే ఇంట్లో పేదరికానికి మూడు జవాబులు: ఓర్చుకోవడం, హక్కు అడగడం, లాక్కోవడం. వీటిలో ఏది ధర్మం?

ముందుగా ఓర్పు సంగతి చూద్దాం. సబ్ర్ గొప్ప గుణమే. అయితే అది కష్టంలో ఉన్నవాడు తనకు తాను చెప్పుకోవలసిన మాట. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవాడికి చేయవలసిన ఉపదేశం కాదు. అల్లాహ్ తలచుకుంటే తానే తినిపించేవాడు కదా, మేమెందుకు పెట్టాలి అని వాదించిన తిరస్కారుల వైఖరిని దివ్య ఖుర్ఆన్ ఖండించింది (యాసీన్ : 47). విధివ్రాత అనే మాటను మన పిసినారితనానికి ముసుగుగా వాడుకోరాదు.

మరి లాక్కోవడం? హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటి ఒక సంఘటన ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో ఉంది. హాతిబ్ గారి బానిసలు ముజైనా తెగకు చెందిన ఒక వ్యక్తి ఒంటెను దొంగిలించి కోసుకున్నారు. మొదట చేతులు నరకమని ఆదేశించిన ఉమర్ (రజి) ఆ తర్వాత యజమాని వైపు తిరిగారు. వారిని నీవు ఆకలితో మాడుస్తున్నట్లున్నావని మందలించారు. 400 దిర్హములకు కూడా అమ్మనన్న ఆ ఒంటెకు 800 దిర్హములు చెల్లించమని యజమానినే ఆదేశించారు.

ఈ తీర్పును జాగ్రత్తగా గమనిద్దాం. ఒంటె యజమానికి పరిహారం ముట్టింది. అంటే దొంగతనం ధర్మసమ్మతం కాలేదు. జగ్గడి మార్గం ఇస్లాం మార్గం కాదు. దోచేవాడే తీర్పరి అయితే నిరపరాధి సొమ్ముకూ రక్షణ ఉండదు. అయితే చెల్లించవలసింది మాత్రం ఆకలిగొన్నవాడు కాదు, అతని చేత పని చేయించుకుని కడుపు మాడ్చినవాడు. చౌదరయ్యను వదిలిపెట్టి జగ్గడిని మాత్రమే శిక్షించే న్యాయం సగం న్యాయమే.

ఇక మిగిలింది సంగదాసు మార్గం, హక్కు అడగడం. సంపన్నుల సొమ్ములో అడిగేవారికీ, అడగలేని అభాగ్యులకూ హక్కు ఉందని ఖుర్ఆన్ చెబుతోంది (అజ్ జారియాత్ : 19). దాన్ని దానం అనలేదు, హక్కు అంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నారు దైవప్రవక్త (స).

మన ఎర్రగుంట్లనే చూడండి. నేల కింద నాపరాయి, సున్నపురాయి. పైన గనులు, పాలిష్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ రాయిని అక్కడ పొరలు పొరలుగా పేర్చింది ఏ గని యజమానీ కాదు. అది అల్లాహ్ సృష్టి. యజమాని చేతిలో ఉన్నది అమానత్ మాత్రమే. ఎండలో ఆ రాయి పగలగొట్టే కూలీకి బట్వాడా వారాల తరబడి ఆపి, రంజాన్‌లో జకాత్ చీరలు పంచితే లెక్క సరిపోతుందా? జకాత్ నలభైలో ఒక వంతు. కూలి మాత్రం పూర్తిగా కూలీదే. ఒకరి బాకీని మరొక ఆరాధన తీర్చదు.

ఇది గని యజమానులకే పరిమితమైన మాట కాదు. మన ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు, మన దుకాణంలో మూటలు మోసే కుర్రవాడికి మనమే యజమానులం. జీతం అడగడానికి వచ్చి, అడగలేక గడప దగ్గరే నిలబడి తిరిగి వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా? ఈ నెల జకాత్ లెక్క వేసుకునే ముందు ఆ లెక్క చూసుకుందాం. ప్రళయ దినాన ఆ కూలీయే వాదిగా నిలబడక ముందే అతని సొమ్ము అతనికి చేర్చుదాం.