ప్రణయమూ ప్రతిస్పర్ధా: పొపాయ్ చిత్రాలపై ఒక పరిశీలన

నాయికను ప్రేమించే నాయకుడు, ప్రతినాయకుడితో తలపడే నాయకుడు ఒక్కడే. అయినా అలంకారశాస్త్రం ఈ రెంటికీ వేర్వేరు స్థాయీభావాలను చెప్పింది: మొదటిదానికి రతి, రెండవదానికి ఉత్సాహం. ఆలంబనాలూ వేరే. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి కావ్యనాయకులకంటే ఒక అమెరికన్ కార్టూన్ నావికుడే ఎక్కువగా ఉపకరిస్తాడు.

ఇ.సి. సీగర్ 1919లో ప్రారంభించిన 'థింబుల్ థియేటర్' బొమ్మలకథలో ఆలివ్ ఆయిల్ మొదటినుంచీ ఉంది. అప్పటికి ఆమె ప్రియుడు హామ్ గ్రేవీ అనే మరొకడు. పొపాయ్ 1929లో ప్రవేశించాడు. బ్లూటో 1932లో ఒక్క కథకోసం వచ్చిన పాత్ర మాత్రమే. 1933లో ఫ్లైషర్ స్టూడియో పొపాయ్‌ను తెరకు తెచ్చినప్పుడు అతణ్ణి నిత్య ప్రత్యర్థిని చేసింది. పుట్టుక క్రమంలో నాయిక ముందు, ప్రతినాయకుడు చివర. తెరమీద ఈ క్రమం తలకిందులైంది. చాలా చిత్రాల్లో బ్లూటో కన్ను పడిన తరువాతనే పొపాయ్ ప్రేమకు కదలిక వస్తుంది.

'ఎ డ్రీమ్ వాకింగ్' (1934) ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. ఆలివ్ నిద్రలో నడుస్తూ, కడుతున్న భవనపు ఇనుప దూలాలమీదికి వెళ్తుంది. ఆమెను కాపాడాలని బయలుదేరిన ఇద్దరూ, ఎవరు కాపాడాలన్న తగవులో పడి ఒకరినొకరు కొట్టుకుంటారు. ఆమె తనంతట తానే క్షేమంగా పడక చేరుతుంది. ఇక్కడ ఆలివ్ ఆపద ఉద్దీపనం మాత్రమే. అసలు ఆలంబనం బ్లూటో. కోరిక సూటిగా వస్తువు మీదికి పోదని, మరొకరి కోరికను అనుకరిస్తూ పుడుతుందని రెనె జిరార్డ్ 1961లో నవలల ఆధారంగా ప్రతిపాదించిన సూత్రం ఈ చిత్రానికి చక్కగా అన్వయిస్తుంది.

అయితే 'హాస్పిటలికీ' (1937) దగ్గర ఆ సూత్రం కొంత తడబడుతుంది. నర్సుగా ఉన్న ఆలివ్ సేవలకోసం ఇద్దరూ గాయపడాలని పోటీ పడతారు. ఎంత ప్రయత్నించినా దెబ్బ తగలని పొపాయ్, చివరికి తన పాలకూరను బ్లూటో నోట కుక్కి, అతనిచేత చావుదెబ్బలు తిని ఆసుపత్రి మంచమెక్కుతాడు. గెలుపే లక్ష్యమైనవాడు తన బలాన్ని శత్రువుకు ధారపోయడు. కనుక ఇది ప్రేమే అనవచ్చు. కాని ఆ ఓటమి కూడా పోటీ నియమాల ప్రకారం గెలుపే గదా! బ్లూటో లేకపోతే పొపాయ్ ఆమెకోసం ఇంత దూరం వెళ్లేవాడా అన్నదే నైతికంగా అసలు ప్రశ్న. ఆలివ్ తనకోసం తాను ప్రేమింపబడుతున్నదా, గెలుపుకు గుర్తుగానా?

ఇది హాస్యం, ఇందులో నీతిచర్చ ఎందుకన్న ఆక్షేపణ రావచ్చు. శృంగారంనుంచి హాస్యం పుడుతుందని భరతుడే చెప్పాడు. ప్రేమ అనుకరణగా మారిన చోట నవ్వు పుడుతుంది. ప్రేక్షకుడు నవ్వుతున్నాడంటే ఆ అనుకరణను పోల్చుకున్నాడనే అర్థం. ఆలివ్ సైతం అమాయకురాలు కాదు, చాలాసార్లు గెలిచినవాడివైపే మొగ్గుతుంది.

'ఎ డ్రీమ్ వాకింగ్' ముగింపును మాత్రం వేరుగా చూడాలి. బ్లూటో బెడద తీరాక, ఆమె క్షేమంగా ఉందో లేదోనని పొపాయ్ కిటికీలోంచి తొంగిచూస్తాడు. పోటీ లేకుండా అతడు ఆమెను చూసిన క్షణం అదొక్కటే. నిద్రలేచిన ఆలివ్ అతణ్ణి దురుద్దేశంతో వచ్చినవాడిగా తలచి, చేతికందినవన్నీ అతని మీదికి విసురుతుంది.