తలకు తగిలిన దెబ్బ, మనిషి మీద పడే నింద



"మా ఇంటాయన మారిపోయినాడు" అని ఒక భార్య వచ్చి చెప్పినప్పుడు మన నోట మొదట వచ్చే మాట ఏమిటి? తాగుడు మొదలుపెట్టి ఉంటాడనో, చెడు స్నేహము పట్టి ఉంటాడనో అంటాము. బుద్ధి చెప్పుటకు ఇద్దరు పెద్దలను ఇంటికి పంపుతాము. ఈ మధ్య ఆయన తలకు ఏదైనా దెబ్బ తగిలిందా అని అడిగేవారు మాత్రము అరుదు.

నాందేడులో మనవారు చేసే పనులు మనకు తెలియనివి కావు. తాపీ పని, లారీల మీద లోడింగు, రాత్రి డ్యూటీలు, సైకిలు మోటారు మీద ఊరూరా తిరిగే వ్యాపారము. 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదే గనుక దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు వైపు తెలుగు మాటకు కొరత లేదు. ఆ రోడ్ల మీద హెల్మెట్టు లేని తలలకూ కొరత లేదు.

మేమెరిగిన ఒక మేస్త్రీ స్లాబు మీద నుంచి పడినాడు. పైకి చిన్న గాయమే. నాలుగు కుట్లు వేయించుకొని వారము తిరగకముందే పనికి పోయినాడు. తరువాత కొలతలు మరచిపోవడము, కూలీల మీద అరవడము, మధ్యాహ్నానికే నీరసించి పడుకోవడము, ఇంట్లో పళ్లెము విసరడము. జనము సోమరి అన్నారు, పొగరు అన్నారు. గాయము మానింది గదా, ఇక సాకు ఏమిటన్నారు. మానినది చర్మము. లోపల మెదడు గాయము మానలేదు. కాలు విరిగినవాని కట్టు అందరికీ కనబడుతుంది, ఈ కట్టు ఎవరికీ కనబడదు.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న గలదు. అతని కోపము అతని పాపమా, గాయమా? 1848లో అమెరికాలోని వెర్మాంటులో ఫినియస్ గేజ్ అనే రైలుమార్గపు పనివారి మేస్త్రీకి, మూడున్నర అడుగుల పొడవు, ఆరు కిలోల బరువు గల ఇనుప కడ్డీ చెంప క్రింద నుంచి దూరి నడినెత్తిన బయటికి పోయింది. మనిషి బ్రతికినాడు. అయితే మునుపు నెమ్మదైనవాడు నోటి దురుసువాడైనాడనీ, స్నేహితులు ఇతడు ఆ గేజ్ కాదన్నారనీ వైద్యము చేసిన హార్లో అనే డాక్టరు 1868లో వ్రాసినాడు. కథ చెప్పేవారు తరచు ఇక్కడే ఆపుతారు. అదే గేజ్ తరువాత చిలీ దేశము పోయి ఏండ్ల తరబడి గుర్రపు బండి తోలినాడు. రోజూ ఒకే దారి, ఒకే వేళ, ఒకే పని ఉన్నచోట అతడు నిలబడగలిగినాడు. మా దృష్టిలో కడ్డీ కంటె ఆ బండి సంగతే ముఖ్యము.

కాబట్టి తీర్పు తరువాత, వైద్యము ముందు. అయితే గాయమే గదా అని భార్యను దెబ్బలు ఓర్చుకొమ్మని చెప్పుట మాత్రము అన్యాయము. నింద వేయకపోవుట వేరు, ప్రమాదములో కూర్చోబెట్టుట వేరు. చేయి చేసుకొనే ఇంట్లో ఆమెను, పిల్లలను కొంతకాలము వేరే చోట ఉంచి, అతనిని డాక్టరు దగ్గరకు తీసుకొనిపోవుట రెండూ ఒకేసారి చేయవచ్చును.

దెబ్బ తగిలిన మొదటి రోజులలో గమనించవలసినవి ఇవి: మాటిమాటికి వాంతులు, తగ్గక పెరిగే తలనొప్పి, లేపినా లేవని మత్తు, మాట తడబడుట, మూర్ఛ, ఒక కనుపాప రెండవదానికంటె పెద్దదగుట, ముక్కు లేక చెవి నుంచి నీరు గాని రక్తము గాని కారుట. ఇందులో ఏ ఒక్కటి కనబడినా ఆలస్యము చేయరాదు. పడినవాడు లేచి టీ తాగి మాట్లాడినంత మాత్రాన గండము గడచినట్టు కాదు. లోపల రక్తము చేరి కొన్ని గంటల తరువాత కుప్పకూలేవారు ఉన్నారు. రక్తము పలుచబడే మందులు వాడే మన వయస్సువారికి చిన్న దెబ్బయినా వారాల తరువాత మతిమరుపుగా, నడక తూలుడుగా బయటపడవచ్చును. అది ముసలితనమని ఊరుకొనరాదు.

మహారాష్ట్రలో 2014 నుంచి 108 అంబులెన్సు ఉన్నది. విష్ణుపురిలో శంకరరావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. దెబ్బ తగిలినవానిని చేర్చితే పోలీసు గొడవ అని భయపడేవారు ఇంకా ఉన్నారు. సుప్రీంకోర్టు 2016లోను, మోటారు వాహనాల చట్ట సవరణ 2019లోను అట్టి సహాయకులకు రక్షణ కల్పించినవి. 2025 మే నెలలో వచ్చిన కేంద్ర పథకము ప్రకారము రోడ్డు ప్రమాదములో దెబ్బతిన్నవారికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు చెల్లించకుండ వైద్యము గలదు. నెలలు గడచినా కోపము, మరుపు తగ్గని యెడల న్యూరాలజీ డాక్టరుకు చూపవలెను. మొదటి స్కానింగు బాగున్నదని విడిచిపెట్టరాదు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో జ్ఞాపకశక్తిని, ఆలోచనను పరీక్షించి తర్ఫీదు ఇచ్చే ఏర్పాటు గలదు. ఇంటివారి మనస్సు కుంగిన యెడల 14416 నంబరుకు ఫోను చేయవచ్చును, తెలుగులోను మాట్లాడుతారు.

ఒక్క చిక్కు మాత్రము మనదే. ఈ మనిషి ముందు ఎట్లుండేవాడు అన్నది ఏ యంత్రమూ చెప్పలేదు, ఇంటివారే చెప్పవలెను. డాక్టరు మరాఠీలో అడుగుతాడు. నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన మన ఆడబిడ్డ తెలుగులోనే ఏడుస్తుంది. గనుక మరాఠీ బడులలో చదివిన మన యవ్వనస్థులు ఆమె వెంట పోవలెను. దెబ్బ తగిలిన తేదీ, గంట, ఎంతసేపు స్పృహ లేదు, వాంతులు ఎన్ని, అప్పటి నుంచి ఏమి మారినది, ఇవన్నీ ముందురాత్రే కాగితము మీద వ్రాసి, కుట్లు వేసిన చీటీతో కలిపి పట్టుకొనిపోవలెను.