చదువు కొరకు చేయు అప్పు

బిడ్డల చదువునకై అప్పు చేయుట దోషమా యని కొందరు అడుగుదురు. దోషము కాదనియే నా అభిప్రాయము. విత్తనములకు అప్పు చేసిన రైతును ఎవరును నిందింపరు. అయితే అట్టి అప్పునకు ఒక లక్షణ ముండవలెను: పంట ఇంటికి వచ్చువరకు అది ఆగవలెను. ఆగని అప్పుతో విత్తినవాడు పైరు ఎదుగకముందే ఎద్దుల నమ్ముకొనును.

నేడు కళాశాల రుసుమును క్రెడిట్ కార్డుతో చెల్లించు తండ్రులు మన మధ్యనే కలరు. ఇంజనీరింగు ప్రవేశములలో సీటు కేటాయింపు జరిగిన పిదప రుసుము కట్టుటకు గడువు కొలది దినములే. బ్యాంకు ఋణము మంజూరగుటకు వారములు పట్టవచ్చును. కార్డు మాత్రము జేబులోనే యుండును. నెలజీతము గలవారికి అది సులభముగ లభించును గనుక, ఉపాధ్యాయులమైన మేమును ఈ ఆకర్షణకు దూరము కాము. చేతికి రానున్న సొమ్ము నిశ్చయముగ నుండి, గడువులోపల బాకీ యంతయు తీర్చువానిని నేను తప్పుపట్టను.

తీర్చలేనివాని సంగతి వేరు. లక్ష రూపాయల బాకీపై నెలకు నూటికి 3.50 వడ్డీ యనుకొందము. కనీస మొత్తమను పేర నతడు 5,000 చెల్లించెను. అందు 3,500 వడ్డీకి, ఆ వడ్డీపై నూటికి 18 వంతున పన్నుగ 630 పోగా, అసలు తగ్గినది 870 రూపాయలు! ఏడాదికి నూటికి 30 మించిన కార్డు వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషను తీర్పు చెప్పెను. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. కావున ఈ వడ్డీ చట్టవిరుద్ధము కాదు. చట్టము అనుమతించిన దానినెల్ల గృహస్థు నెత్తికెత్తుకొనవలెనను నియమమును లేదు.

బ్యాంకుల విద్యాఋణము సాధారణముగ చదువు ముగిసి ఒక సంవత్సరము గడచువరకు వాయిదాల నడుగదు. వడ్డీ ఆ కాలమునను పెరుగుచునే యుండును గాని, కార్డు వడ్డీతో పోల్చిన మిక్కిలి స్వల్పము. 7.5 లక్షల వరకు తాకట్టు లేకయే పొందు మార్గమును కలదు. అంతకంటె ముఖ్యమైన దొకటి. ఆ పత్రముపై విద్యార్థియే ఋణగ్రహీతగ సంతకము చేయును, తండ్రి సహఋణగ్రహీత. కార్డు అప్పు తండ్రి పేరనే పుట్టి, తండ్రి జేబులోనే పెరుగును. ఎవని కొరకు చేసిరో వానికే తెలియదు. వడ్డీకంటె నాకిదియే పెద్ద దోషముగ తోచును.

తెలిసినచో పిల్లవాని మనస్సు చదువుపై నిలువదని తల్లిదండ్రులు చెప్పుచుందురు. పదునెనిమిదేండ్లు నిండి ఓటు వేయదగినవానికి తన కొరకై పెరుగుచున్న అంకెను చూచు శక్తి లేదనుట వానిని తక్కువ చేయుటయే గదా! ఆ బిల్లును చూపిన యింట, మరుసటి సంవత్సరపు రుసుమునకైనను విద్యాఋణపు దరఖాస్తు వాడే వ్రాయవచ్చును. వసతిగృహము మాని ఇంటినుండి బస్సులో పోయి వచ్చెదననవచ్చును. దాచిన యింట, వసూలు చేయువాడు ఫోను చేసిన దినమున వానికి తెలియును.