ముందు మన గుట్ట

సాహసయాత్ర అనగానే మనసు నైనితాల్ సరస్సుకో, మంచుకొండలకో పరుగెడుతుంది. ముంబై రహదారి పక్కనున్న చిరాగ్‌పల్లి పిల్లలకూ ఆ కోరిక ఉండొచ్చు, తప్పేం లేదు. కానీ ముందు మన గుట్ట ఎక్కాలి. బావిలో ఈత నేర్చాకే కదా ఏట్లో దిగేది! 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చింది మన భువనగిరి బండ మీదే. ఇక్కడ మంచు లేదుగా, అంత చలి లేదుగా అంటారు. నిజమే. అందుకే ఆమెను తర్వాత డార్జిలింగ్‌కూ, లడఖ్‌కూ పంపారు. అయితే తాడు మీద పట్టు, కాలి నిలకడ, గురువు మాట వినడం, ఇవి బండ మీదే అబ్బుతాయి. నీళ్లంటే మోజా? వికారాబాద్ వైపు కోటిపల్లి జలాశయంలో కయాకింగ్ ఉంది. ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ మాత్రం తప్పదు. ఈ సెలవుల్లో పిల్లల్ని ముందు మన గుట్టకు తీసుకెళ్లండి.