అమ్మినవాడే అప్పిచ్చినప్పుడు

సొంత ఇల్లు కావలెనని కోరుట తప్పు కాదు. అయితే మొత్తము రొక్కము చేతిలో లేనివాడు, బ్యాంకునకు చూపుటకు జీతపు కాగితము లేనివాడు ఏమి చేయవలెను? అమ్మువాడే ముందుకు వచ్చి, "కొంత ఇప్పుడిమ్ము, మిగిలినది నెలనెల కట్టుము, అంతవరకు ఇంటిలో కాపురముండుము" అనినయెడల అది గొప్ప మేలుగా తోచును. అనేకులకు మేలే అయినది. అయినను ఇట్టి బేరములో ఒక ప్రశ్న దాగియున్నది. కట్టుచు కట్టుచు మధ్యలో నిలిచిపోయిన వానికి, అదివరకు కట్టిన సొమ్ములో పాలు లేదా?

ఈ ప్రశ్న మాకు పుస్తకములలోనుండి వచ్చినది కాదు. మా సంఘములోని ఒక తాపీ పనివాడు, అదే సంఘములోని ఒక రైతు యొద్ద రెండు గదుల పెంకుటిల్లు 4,80,000 రూపాయలకు బేరమాడెను. బయానా 60,000, మిగిలినది నెలకు 6,000 చొప్పున 70 నెలలు. కడపటి వాయిదా ముట్టిన తరువాతనే రిజిస్ట్రేషను. ఒక్క వాయిదా తప్పినను ఇల్లు విడువవలెను, కట్టినది తిరిగి అడుగరాదు అని అగ్రిమెంటులో వ్రాసిరి. దాని క్రింద సాక్షి సంతకము చేసినవారము మేమే. చదివితిరా అని ఎవరైన అడిగినయెడల, టీ త్రాగుచు పైపైన చూచితిమని ఒప్పుకొనక తప్పదు.

అతడు 40 నెలలు తప్పక కట్టెను. పిమ్మట పరంజా మీదనుండి పడి కాలు విరుగగా ఏడు నెలలు కట్టలేకపోయెను.

రైతు దుర్మార్గుడు కాడు. కుమార్తె వివాహమునకు ఆ సొమ్మునే నమ్ముకొనియుండెను. ఏడు నెలలు ఓర్చుకొనెను. "అయ్యగారూ, మీ యెదుటనే గదా కాగితము వ్రాసికొంటిమి" అని ఆయన అడిగినప్పుడు మాకు వెంటనే మాట రాలేదు. మాట నిలుపుకొనవలెనని ఆదివారము ఆదివారము బోధించువారము, వాయిదా తప్పినవాని పక్షమున ఎట్లు నిలుతుము?

ఇట్టి కాగితములు ఎంతదూరము పోగలవో అమెరికాలోని చికాగో నగరమునందు లోకము చూచినది. 1950, 1960 దశకములలో అక్కడి నల్లజాతివారి పేటలలో ఇండ్ల అప్పులకు ప్రభుత్వ సంస్థ హామీ ఇయ్యదయ్యెను. బ్యాంకులును అప్పు ఇయ్యవయ్యెను. వర్తకులు ఇండ్లు చౌకగా కొని, రెట్టింపు ధరకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువకు, వారికి వాయిదాల మీద అమ్మిరి. మరమ్మతులు కొన్నవాని మీద, హక్కు మాత్రము అమ్మినవాని పేర. వాయిదా తప్పిన కుటుంబము వీధిలో పడును. అదే ఇల్లు మరియొక కుటుంబమునకు మరల అమ్మబడును. 1968లో లాండేల్ పేటలోని కొనుగోలుదారులు ఒక సమాజముగా కూడి, వాయిదాలు నిలిపివేసి పోరాడిరి. వందలకొలది ఒప్పందములు తిరిగి వ్రాయబడినవి. మా రైతు చికాగో వర్తకుడు కాడు. కాని ఆ కాగితములలోని షరతును, మేము సంతకము చేసిన కాగితములోని షరతును ఒక్కటే.

లేవీయకాండము 25వ అధ్యాయమును ఆ రాత్రి మరల తెరచితిమి. బీదవాడై భూమి నమ్ముకొనినవాడు దానిని విడిపించుకొనునప్పుడు, అమ్మిన నాటినుండి గడచిన సంవత్సరములు లెక్కించి, మిగిలిన సొమ్మునే తిరిగి ఇయ్యవలెనని అక్కడ ఉన్నది. అది వాయిదాల బేరమును గూర్చిన మాట కాదని మేమెరుగుదుము. అయినను లెక్క చేయు విధము ఉన్నది: అనుభవించిన కాలము ఒక ప్రక్క, మిగిలినది మరియొక ప్రక్క.

న్యాయస్థానములును ఇంచుమించు ఇట్లే చూచినవి. 1949లో ఢిల్లీలో ఒక ఇల్లు 1,12,500 రూపాయలకు బేరమైనది. బయానా 1,000, స్వాధీనము చేయునప్పుడు 24,000 ముట్టినవి. బేరము చెడినది. మొత్తము 25,000 తనదేనని అమ్మినవాడు వాదించెను. బయానా ఉంచుకొనవచ్చును గాని, నష్టము రుజువు చేయక 24,000 జప్తు చేసికొనరాదని 1963లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. కాగితములో వ్రాసికొన్నంత మాత్రమున చాలదన్నమాట.

ఇక్కడ ఒక మాట కొనువారికి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము అగ్రిమెంటు ఒక్కటే ఇంటిమీద హక్కు కలిగింపదు. ఇంటిలో కాపురమున్నామను ధైర్యమును చాలదు. 2001 సవరణ తరువాత వ్రాసికొన్న అగ్రిమెంటు రిజిస్టరు కానియెడల ఆ కాపురమునకు ఈ చట్టపు కాపుదల లేదు. అనాతోతులో పొలము కొనిన యిర్మీయా సాక్షులను పెట్టి, క్రయపత్రమునకు ముద్రవేయించి, దానిని మంటికుండలో దాచించెను. కొన్నది తన పినతండ్రి కుమారుని యొద్దనే! మనవాడే గదా అని కాగితము మానలేదు.

మరునాడు రైతు ఇంటి అరుగు మీద కూర్చుండి లెక్క వేసితిమి. పనివాడు కట్టినది మొత్తము 3,00,000. మా ఊరిలో అట్టి ఇంటికి అద్దె 2,000. 47 నెలలకు 94,000. మిగిలినది 2,06,000. బయానా కూడ ఆయనకే విడిచినను 1,46,000. "ఇది ఎవరిది?" అని అడిగితిమి. లేదా ఇల్లు అతనికే ఉంచి, కాలు కుదిరిన పిమ్మట ఆ ఏడు వాయిదాలను కడపట చేర్చుకొనుడని కూడ చెప్పితిమి. సంతకమునకు ముందు చెప్పవలసిన మాట ఇప్పుడు చెప్పుచున్నామని మాకు తెలియును. ఆయనకును తెలియును.

"పెండ్లి ఎవరు చేయుదురు అయ్యగారూ?" అనెను. దానికి మాయొద్ద జవాబు లేదు. ఆ లెక్క కాగితమును రెండుసార్లు చదివి, మడచి, చొక్కా జేబులో పెట్టుకొనెను. తాళము వేయుదునని చెప్పిన దినము దాటి మూడు వారములైనది. పనివాని కుటుంబము ఇంకను ఆ ఇంటిలోనే ఉన్నది.