జీతం చేతిలో పెట్టుకుని భక్తి అడగొచ్చా?



పోయిన వారం వీడియోలో గీత మూడో అధ్యాయం, 21వ శ్లోకం దగ్గర ఆగాం. పెద్దవాడు ఏం చేస్తే మిగతావాళ్లు అదే చేస్తారని కృష్ణుడు చెప్పిన మాట. "బ్రో, మీరు టీమ్ లీడ్ కదా, ఆఫీసులో ఇది ఎలా పాటిస్తున్నారు?" అని ఒకరు అడిగారు. నిజం చెప్పాలంటే, సరిగ్గా పాటించలేదు. ఈ పోస్టు ఆ సంగతే.

నేను టీమ్ లీడ్ అయి ఏడాది దాటింది. నా కింద ఆరుగురున్నారు. శనివారం సాయంత్రం మన ఆన్‌లైన్ సత్సంగం లింకు టీమ్ గ్రూపులో పెట్టేవాణ్ణి. ఆరుగురూ వచ్చేవాళ్లు. వాళ్లలో ఆదివారం చర్చికి వెళ్లే అబ్బాయి కూడా ఉన్నాడు. అతనూ కెమెరా ఆన్ చేసి చివరిదాకా కూర్చునేవాడు. నాకెంత సంతోషమో! నా మాటలో ఏదో బలం ఉందనుకున్నా.

అప్రైజల్ అయిపోయింది. ఆ తర్వాతి శనివారం ఇద్దరే వచ్చారు.

సోమవారం క్యాంటీన్‌లో ఒక జూనియర్ని నవ్వుతూనే అడిగా, "ఏంది తమ్ముడూ, మొన్న రాలా?" అని. అతను కాసేపు తటపటాయించి, "అన్నా, ఏమనుకోవద్దు. నేను రోజూ ఇంట్లో పూజ చేసుకునే పోయేది. కానీ రేటింగ్ మీ చేతిలో ఉంటే, మీరు పెట్టిన లింకు నొక్కకుండా ఎట్టా ఉంటాం?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నేను ఎవర్నీ రమ్మని బలవంతం చేయలేదు, అది నిజమే. కానీ వద్దు అనగలిగే వీలు వాళ్లకు ఉందా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ వారం నెల్లూరు వచ్చా. ఆదివారం నాన్నా నేనూ మైపాడు బీచికి వెళ్తుంటే, సముద్రం ఇంకొంచెం దూరం ఉందనగా బకింగ్‌హాం కాలువ వచ్చింది. చెన్నైలో ఓఎంఆర్ పక్కన నేను రోజూ చూసే కాలువ ఇదే. అక్కడ ముక్కు మూసుకుని దాటిపోతాం. మైపాడు దారిలో నాన్న బండి ఆపి, "ఈ కాలువలో కొంత భాగం కరవులో కూలీలు తవ్విందిరా" అన్నాడు. తర్వాత ఇంటికొచ్చి ఈ చరిత్ర చదివా. అందులో ఒక పాదిరి కనిపించాడు. మన చానల్లో పాదిరి కథ ఏందని అనుకోకండి, చివరిదాకా చదవండి.

1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరవు వచ్చింది. జనానికి పని చూపించడానికి ప్రభుత్వం ఈ కాలువ తవ్వకం పెట్టింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు నిలిచింది. అప్పట్లో ఒంగోలు కూడా మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడ జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. 1865లో నెల్లూరు వచ్చి, మరుసటి ఏడు ఒంగోలు చేరాడు. మతబోధకుడు కాకముందు అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు. అంటే మనలాగే లెక్కలూ కొలతలూ తెలిసిన టెక్నికల్ మనిషి.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరవు పనుల్లో కూడా వాళ్లను మేస్త్రీలు అంటరానివాళ్లుగానే చూసేవాళ్లు. అందుకని క్లౌ సుమారు మూడున్నర మైళ్ల కాలువ తవ్వకాన్ని తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే పనిమీద పర్యవేక్షకులుగా పెట్టాడు. వేలమంది ఆ పని చేసుకుని బతికారు.

ఆయన మతంలో పని గురించి గట్టి నియమాలే ఉన్నాయి. పేదవాడి కూలి తెల్లారేదాకా ఉంచుకోకుండా ఏ రోజుది ఆ రోజే ఇచ్చేయాలని బైబిల్లో లేవీయకాండం చెబుతుంది. పెద్దవాడు కావాలంటే సేవకుడివి కమ్మని యేసు బోధ. తన శిష్యుల కాళ్లు తనే కడిగాడని యోహాను సువార్తలో ఉంది. మనకు ఇది కొత్తేం కాదు. రాజసూయ యాగంలో అతిథుల కాళ్లు కడిగే పని కృష్ణుడు తనంతట తానే తీసుకున్నాడని మహాభారతం సభాపర్వంలో ఉంది. కురుక్షేత్రంలో ఆయన పట్టింది గుర్రాల పగ్గాలే కదా!

కానీ నన్ను ఆపేసింది ఇవేవీ కాదు. ఆ కరవులో చాలామంది క్లౌ దగ్గరికొచ్చి బాప్తిస్మం ఇమ్మని అడిగారు. మిషనరీగా ఆయన వచ్చిందే అందుకు. అయినా ఇవ్వలేదు. సుమారు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని, కూలి తన చేతిలోంచి వెళ్తున్నన్నాళ్లూ ఆగాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

"అన్నం పెట్టిన కృతజ్ఞత కూడా ఒక ఒత్తిడే కదా?" అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అంటరానితనం భరించలేక వెళ్లినవాళ్లు ఎంతమందో, దానికి బాధ్యత ఎవరిదో, అది కూడా మనం అడుక్కోవాలి. మతం మారడం మంచిదా కాదా అన్నది ఇక్కడ నా విషయం కాదు. ఒకరి కూడు తన చేతిలో ఉన్నప్పుడు వాళ్ల విశ్వాసాన్ని అడగకూడదని ఆయనకు తోచింది. శనివారం లింకు పెట్టేటప్పుడు నాకు తోచలేదు.

మన గీతలోనూ ఇదే ఉంది, మనం గబగబా చదివేస్తాం గానీ. 18వ అధ్యాయం, 63వ శ్లోకం చూడండి. అంతా బోధించాక, విశ్వరూపం చూపించాక కూడా కృష్ణుడు నిర్ణయాన్ని అర్జునుడికే వదిలేస్తాడు. బాగా ఆలోచించుకుని ఇష్టమైనట్టు చేయమంటాడు. సాక్షాత్తు భగవంతుడే వదిలేస్తే, ఆరుగురి టీమ్ లీడ్‌ని నేనెంత?

తిరిగి వెళ్లాక ఆరుగురినీ కూర్చోబెట్టి సారీ చెప్పా. చర్చికి వెళ్లే అబ్బాయికి విడిగా చెప్పా. "పర్లేదన్నా" అని నవ్వాడు, కానీ ఆ నవ్వు చూస్తే నాకే సిగ్గేసింది. టీమ్ గ్రూపులో లింకు పెట్టడం మానేశా. వీకెండ్ ఆన్‌కాల్ ఎప్పుడూ జూనియర్ల మీదే పడేది, ఇప్పుడు నా పేరు కూడా వంతులో ఉంది. మొదటి వంతు క్రిస్మస్ వారానిది, అది నేనే తీసుకున్నా.

ఇప్పుడు సత్సంగానికి మా టీమ్ నుంచి ఒక్కడే వస్తున్నాడు. కొంచెం వెలితిగానే ఉంది, దాచను. కానీ అతను ఎందుకొస్తున్నాడో నాకు తెలుసు.

ఈ వారం మీకొక చిన్న సాధన. మీ కింద పనిచేసేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. ఇంటర్న్ కావచ్చు, ఇంట్లో పనిచేసే అక్క కావచ్చు, రోజూ వచ్చే డ్రైవరన్న కావచ్చు. వాళ్లకివ్వాల్సిన డబ్బు ఏదైనా ఆగి ఉంటే ఈరోజే ఇచ్చేయండి. మీరు అడిగే పనుల్లో జీతానికి సంబంధం లేనిది ఏముందో చూసి, దానికి "వద్దు" అనే వీలు వాళ్లకివ్వండి. అదీ పూజే.

వచ్చే శనివారం కలుద్దాం. వీలైతేనే సుమా!

కృష్ణార్పణం.