పీత ఎవరిది?

మన గూడేల్లో మామిడి కొత్త చెయ్యకముందు కాయ కొయ్యం. ఆ కట్టుబాటు పెద్దకూ పేదకూ ఒక్కటే. కానీ ఉసిరికో తేనెకో షావుకారు సంచి పట్టుకొని వచ్చి కూర్చుంటే, పక్కవాడికంటే ముందు మనమే తేవాలన్న తొందర పుడుతుంది. ఆ తొందరకు మందేమిటి? అమెరికాలోని అలాస్కాలో, బేరింగ్ సముద్రంలో పీతలు పట్టేవాళ్లకూ ఇదే ప్రశ్న ఎదురైంది.

ఏటా ఇంతే పట్టాలని అక్కడ ప్రభుత్వం హద్దు పెట్టేది. ఆ హద్దులోపల ఎవరు ఎంత పడితే అంత వారిది. 2004లో ఎర్ర రాజపీతకు సుమారు 250 పడవలు పోటీపడ్డాయి. కొద్ది రోజుల్లోనే వేట ముగిసింది. ఆగితే నష్టం కనుక తుపానులోనూ ఆగేవారు కాదు. పడవలు మునిగి మనుషులు పోయేవారు.

2005లో పాత వేట లెక్కలను బట్టి వాటాలు పంచారు. పోటీ తగ్గింది, చావులూ తగ్గాయి. ఇది మంచే. కానీ వేట వాటాల్లో 97 శాతం పడవ లైసెన్సులున్నవారికీ, 3 శాతం కెప్టెన్లకూ వెళ్లాయి. మంచులో బోనులు లాగిన కూలీలకు దక్కింది లేదు. పడవలు 90కి తగ్గేసరికి వందలమందికి పని పోయింది. వాటాను కౌలుకిచ్చి ఒడ్డున కూర్చునేవారు తయారయ్యారు.

పడవ కొనడానికి అప్పు చేసినవాడికీ ఒక హక్కుంటుంది, కాదనం. అయితే ఎక్కువ తీసుకున్నవాడికే ఎక్కువ హక్కు అంటే, తక్కువతో సరిపెట్టుకున్నవాడి నిగ్రహానికి విలువేది? అక్కడే మరో దారి కూడా ఉంది. 1992లో మొదలైన పథకంలో ఇప్పుడు 65 తీర గ్రామాలున్నాయి. వాటిలో ఎక్కువ ఆదివాసులవే. పీతల్లో 10 శాతం ఆ గ్రామాల సంఘాలకు ఉమ్మడిగా వస్తుంది. వేటాడిన లెక్క చూపించనక్కర్లేదు, ఆ ఒడ్డున బతకడమే ఆధారం.

మన 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కు పిల్లలకు వస్తుంది గాని అమ్ముడుపోదు. అమ్ముకోగలిగిన హక్కు ఏదో ఒక కష్టకాలంలో ఊరు దాటిపోతుంది. ఆ అడ్డు ఎందుకుందో మన పిల్లలకు చెప్పాలి.

2022లో మంచుపీత వేట మొదటిసారి పూర్తిగా మూతపడింది. సముద్రం వేడెక్కి వందల కోట్ల పీతలు చచ్చిపోయాయని శాస్త్రవేత్తలు తేల్చారు. వాటా కాగితం ఉన్నవాడూ లేనివాడూ ఒకేలా ఒడ్డున నిలబడ్డారు. కాగితం పట్టుకునే హక్కునే ఇచ్చింది, పీతను ఇవ్వలేదు.

రేపు మన గ్రామసభ తేనెకో వెదురుకో హద్దు పెట్టవలసి వస్తే రెండు ప్రశ్నలు అడుగుదాం. ఎంత తీసుకోవాలి? తీసుకునేవాళ్లలో కూలికి వెళ్లే ఆడమనిషి ఉందా? మొదటిదానికి జవాబు చెప్పి రెండోది మరిస్తే అడవి మిగులుతుంది, ఊరు మిగలదు.